నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో నియమాలు, క్రమశిక్షణ

నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వృత్తి క్రీడాకారులు ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌ను నిర్వహించే ప్రధాన సంస్థ. దీనిని సంక్షిప్తంగా ఎన్.ఎఫ్.ఎల్. అంటారు. ఆటగాళ్ళు, శిక్షకులు, జట్ల యజమానులు తప్పు చేసినప్పుడు ఈ సంస్థ విధించే శిక్షలు చాలాకాలంగా వివాదాస్పదంగా ఉన్నాయి. ఈ వివాదాలన్నింటి వెనుక రెండు ప్రశ్నలు కనిపిస్తాయి. ఒకే రకమైన తప్పునకు ఒకే రకమైన శిక్ష పడుతున్నదా అనేది మొదటిది. శిక్ష నిర్ణయించే పద్ధతి న్యాయసమ్మతమైనదేనా అనేది రెండవది. ఈ రెండింటికీ సమాధానాలు ఎల్లప్పుడూ కలిసి రావని లీగు చరిత్ర తెలుపుతున్నది.

నేపథ్యం

ఈ లీగు 1920లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో వేరొక పేరుతో ఆరంభమై, 1922లో ప్రస్తుత పేరును స్వీకరించింది. ఇందులో 32 జట్లు ఉన్నాయి. 2021 నుండి ఒక్కొక్క జట్టు సాధారణ సీజనులో 17 ఆటలు ఆడుతున్నది. మన దేశంలో ఫుట్‌బాల్ అని పిలిచే ఆటను అమెరికాలో సాకర్ అంటారు. అమెరికన్ ఫుట్‌బాల్ దానికి భిన్నమైనది. ఇందులో కోలగా ఉండే బంతిని చేతితో విసురుతూ, పట్టుకొని పరుగెత్తుతూ ప్రత్యర్థి గీత దాటించాలి. ఒకరినొకరు బలంగా ఢీకొని పడగొట్టడం ఆటలో భాగమే. కనుక అనుమతించదగిన ఢీ ఏది, అపాయకరమైన ఢీ ఏది అని నిర్ణయించడమే ఇక్కడ కష్టమైన పని.

సీజనులో ఆటల సంఖ్య తక్కువ. కాబట్టి ఆరు ఆటల నిషేధమంటే సీజనులో మూడవ వంతుకు పైగా పోయినట్లే. నిషేధకాలంలో ఆటగానికి జీతం ఉండదు. ఈ ఆటలో గాయాలు ఎక్కువ, వృత్తి జీవితం తక్కువ. అందువలన ఒక శిక్ష న్యాయమా అన్యాయమా అనేది ఆటగాని జీవనోపాధికి సంబంధించిన విషయం. మరొక వైపు, ఆటగాని చేతిలో హింసకు గురైన స్త్రీకో బిడ్డకో ఆ శిక్ష తమకు జరిగిన అన్యాయానికి సంస్థ కట్టిన విలువగా కనబడుతుంది.

అధికార విభజన

లీగులో నియమాలు, శిక్షలు మూడు వేర్వేరు మార్గాలలో నడుస్తాయి.

ఆట నియమాలు: పోటీల సంఘం మార్పులను సిఫారసు చేస్తుంది. 32 మంది యజమానులలో 24 మంది అంగీకరిస్తే మార్పు అమలులోకి వస్తుంది.

మైదానంలోని తప్పులు: ఏడుగురు సభ్యుల రిఫరీ బృందం అక్కడికక్కడే గజాల రూపంలో దండన విధిస్తుంది. ఆ తరువాత లీగు కార్యాలయం జరిమానా గాని, నిషేధం గాని విధించవచ్చు. వీటిపై అప్పీళ్ళను, లీగు, ఆటగాళ్ళ సంఘం కలిసి నియమించిన అధికారులు వింటారు. వీరు సాధారణంగా మాజీ ఆటగాళ్ళు లేదా మాజీ శిక్షకులు.

మైదానం వెలుపలి ప్రవర్తన, ఆట నిజాయితీకి సంబంధించిన తప్పులు: ఇవి లీగు కమిషనర్ అధికారంలో ఉంటాయి. కమిషనర్‌ను ఎన్నుకొనేది, జీతమిచ్చేది జట్ల యజమానులే. "ఆటకు హాని కలిగించే ప్రవర్తన" అనే విశాలమైన మాట ఈ అధికారానికి పునాది. 2011 నాటి సామూహిక ఒప్పందంలోని 46వ అధికరణం ప్రకారం, కమిషనర్ విధించిన శిక్షపై అప్పీలును కమిషనరే విని తీర్పు చెప్పవచ్చు.

ఈ మూడవ మార్గంలోనే వివాదాలు అధికం. రెండవ మార్గంలో అటువంటివి తక్కువ. ఉదాహరణకు 2014 డిసెంబరులో డెట్రాయిట్ జట్టు ఆటగాడు ఎన్డముకాంగ్ సూ, గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రోడ్జర్స్ కాలు తొక్కినందుకు లీగు ఒక ఆట నిషేధం విధించింది. అప్పీలు అధికారి దానిని రద్దుచేసి 70,000 డాలర్ల జరిమానాగా మార్చాడు. దీనిపై భిన్నాభిప్రాయాలు వచ్చినా విషయం కోర్టుకు పోలేదు. తీర్పరిని రెండు పక్షాలూ కలిసి ఎంచుకొన్నప్పుడు ఓడిన పక్షం సైతం ఫలితాన్ని సహిస్తుందని దీనినిబట్టి చెప్పవచ్చు.

మైదానంలో నియమాల తీరు

నియమాన్ని అందరికీ సమానంగా వర్తింపజేసినా న్యాయం జరగలేదనిపించే సందర్భాలు ఉంటాయి. వీటిలో ప్రసిద్ధమైనది "టక్ రూల్". క్వార్టర్‌బ్యాక్ బంతిని విసరడానికి చేయి ముందుకు కదిలించి, మనసు మార్చుకొని బంతిని తిరిగి ఒంటికి దగ్గరగా తెచ్చుకొనే లోపల అది జారిపడితే, దానిని బంతి పోగొట్టుకోవడంగా కాక పూర్తికాని పాస్‌గా లెక్కించాలని 1999లో ఈ నియమం వచ్చింది. 2002 జనవరి 19న మంచు కురుస్తుండగా న్యూ ఇంగ్లండ్, ఓక్‌లాండ్ జట్ల మధ్య జరిగిన ఆటలో టామ్ బ్రేడీ చేతినుండి జారిన బంతిని ఓక్‌లాండ్ చేజిక్కించుకొంది. రిఫరీ వీడియో చూచి, ఈ నియమం ప్రకారం బంతి న్యూ ఇంగ్లండ్‌దేనని ప్రకటించాడు. ఆ జట్టు అదనపు సమయంలో 16-13 తేడాతో గెలిచి, చివరకు సూపర్ బౌల్ కూడా సాధించింది. అదే సీజను ఆరంభంలో న్యూయార్క్ జెట్స్‌తో ఆడినప్పుడు ఇదే నియమం న్యూ ఇంగ్లండ్‌కు ప్రతికూలంగా వర్తించింది. అంటే నియమం అమలులో పక్షపాతం లేదు, లోపం నియమంలోనే ఉంది. 2013లో యజమానులు దానిని రద్దుచేశారు.

బంతిని "పట్టుకొన్నట్లు" ఎప్పుడు లెక్క అనే నియమం కూడ ఇటువంటిదే. 2015 జనవరి 11న గ్రీన్ బేతో జరిగిన ప్లేఆఫ్ ఆటలో డాలస్ ఆటగాడు డెజ్ బ్రయంట్ పట్టిన బంతి నేలను తాకినప్పుడు కదలడంతో, అది పట్టు కాదని వీడియో సమీక్ష అనంతరం తేల్చారు. చూచిన వారిలో చాలామందికి అది పట్టుగానే కనిపించింది. ఇటువంటి అనుభవాల అనంతరం 2018లో నిర్వచనాన్ని సరళం చేశారు.

నియమం స్పష్టంగా ఉన్నా రిఫరీలు దానిని అమలు చేయని సందర్భం 2019 జనవరి 20న వచ్చింది. న్యూ ఆర్లియన్స్, లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్ల నడుమ ఆట చివరి నిమిషాలలో, బంతి చేరకముందే రామ్స్ ఆటగాడు ప్రత్యర్థిని గట్టిగా ఢీకొన్నాడు. రిఫరీలు దండన ప్రకటించలేదు. రామ్స్ అదనపు సమయంలో 26-23తో గెలిచి సూపర్ బౌల్ చేరింది. ప్రజల ఆగ్రహానికి స్పందించి యజమానులు అటువంటి నిర్ణయాలను కూడ వీడియోతో సమీక్షించే పద్ధతిని 2019 సీజనుకు ప్రవేశపెట్టారు. అయితే ఏ స్థాయి స్పర్శ తప్పు అనే దానిపై సమీక్షకులకు ఒక ప్రమాణం కుదరలేదు. ఒక్క సీజనుతోనే ఆ పద్ధతి ముగిసింది. ఒక్క సంఘటనను దృష్టిలో పెట్టుకొని తొందరలో చేసిన నియమం తరువాతి సంఘటనలకు పనికిరాకపోవచ్చునన్నది ఇందులోని పాఠం. ఇదే పొరపాటు మైదానం వెలుపల మరింత తీవ్రంగా జరిగింది.

కమిషనర్ అధికారం పెరిగిన తీరు

1960 నుండి 1989 వరకు కమిషనర్‌గా ఉన్న పీట్ రొజెల్, 1963లో గ్రీన్ బే ఆటగాడు పాల్ హోర్నంగ్, డెట్రాయిట్ ఆటగాడు అలెక్స్ కరాస్‌లను పందేలు కాసినందుకు నిరవధికంగా నిషేధించాడు. వారు 1964లో తిరిగి ఆటలో ప్రవేశించారు. ఆ కాలంలో కమిషనర్ దృష్టి ప్రధానంగా ఆట నిజాయితీ మీదనే ఉండేది. ఆటగాళ్ళ వ్యక్తిగత నేరాలను న్యాయస్థానాలకే విడిచిపెట్టేవారు.

1997లో హింసాత్మక నేరాలపై ఒక విధానం వచ్చింది. 2006లో కమిషనర్ అయిన రోజర్ గుడెల్ 2007లో దానిని కఠినం చేశాడు. ఆటగాడు కోర్టులో దోషిగా తేలకపోయినా లీగు శిక్ష విధించవచ్చునన్నది ఇందులో ముఖ్యాంశం. ఆ ఏడాది ఆడం జోన్స్‌ను పూర్తి సీజను, క్రిస్ హెన్రీని 8 ఆటలు నిషేధించారు. 2010లో పిట్స్‌బర్గ్ క్వార్టర్‌బ్యాక్ బెన్ రాత్లిస్‌బర్గర్‌పై ఒక యువతి ఆరోపణ చేయగా, నేరాభియోగం నమోదు కాకపోయినా 6 ఆటల నిషేధం విధించి, తరువాత 4 ఆటలకు తగ్గించారు. ఈ విధానంలో ఏ తప్పునకు ఎంత శిక్ష అనే పట్టిక లేదు. నిర్ణయమంతా కమిషనర్ విచక్షణకే వదిలివేయబడింది.

ప్రధాన ఉదంతాలు

న్యూ ఆర్లియన్స్ బహుమతుల వ్యవహారం (2012): ప్రత్యర్థులను గాయపరచినవారికి నగదు బహుమతులు ఇచ్చే ఏర్పాటు న్యూ ఆర్లియన్స్ జట్టులో ఉన్నదని లీగు ఆరోపించింది. ప్రధాన శిక్షకుడు షాన్ పేటన్‌ను 2012 సీజను మొత్తానికి నిషేధించింది. జట్టుకు 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. జోనథన్ విల్మాతో సహా నలుగురు ఆటగాళ్ళకు 3 ఆటల నుండి పూర్తి సీజను వరకు నిషేధం విధించింది. గుడెల్ ఈ అప్పీళ్ళను వినే బాధ్యతను మాజీ కమిషనర్ పాల్ టాగ్లియాబూకు అప్పగించాడు. ఆయన 2012 డిసెంబరులో నలుగురి శిక్షలనూ రద్దుచేశాడు. నలుగురిలో ముగ్గురి ప్రవర్తన తప్పేనని అంగీకరిస్తూనే, శిక్షకుల, జట్టు యాజమాన్యపు బాధ్యత ఈ వ్యవహారంలో చాలా ఎక్కువగా ఉన్నదని ఆయన భావించాడు. శిక్ష వేసిన వ్యక్తి కాక వేరొకరు విన్నప్పుడు ఫలితం ఎంత మారగలదో ఈ ఉదంతం చూపింది.

రే రైస్ ఉదంతం (2014): బాల్టిమోర్ ఆటగాడు రే రైస్ 2014 ఫిబ్రవరిలో అట్లాంటిక్ సిటీలోని ఒక కాసినో లిఫ్టులో తనకు కాబోయే భార్యను స్పృహ తప్పేలా కొట్టాడు. జూలైలో లీగు అతనికి కేవలం 2 ఆటల నిషేధం విధించింది. అదే వేసవిలో క్లీవ్‌లండ్ ఆటగాడు జాష్ గోర్డన్‌కు మాదకద్రవ్యాల విధానం కింద ఒక సంవత్సరం నిషేధం ఖరారయింది. అది తరువాత 10 ఆటలకు తగ్గింది. గంజాయి పరీక్షలో దొరికినవానికి ఏడాది, స్త్రీని కొట్టినవానికి రెండు ఆటలా అన్న విమర్శ దేశమంతటా వినిపించింది. ఆగస్టు 28న గుడెల్ తన నిర్ణయం సరికాదని ఒప్పుకొని, గృహహింసకు మొదటిసారి 6 ఆటల నిషేధం ప్రామాణికమని ప్రకటించాడు.

సెప్టెంబరు 8న లిఫ్టు లోపలి వీడియో బయటపడింది. అదే రోజు బాల్టిమోర్ జట్టు రైస్‌ను తొలగించింది, లీగు అతనిని నిరవధికంగా నిషేధించింది. రైస్ ముందు తనను తప్పుదోవ పట్టించాడని కమిషనర్ వాదన. మాజీ ఫెడరల్ న్యాయమూర్తి బార్బరా జోన్స్ అప్పీలు విని, రైస్ ఆ విధంగా అబద్ధమాడలేదని, ఒకే తప్పునకు రెండవసారి శిక్ష వేయడం ఏకపక్షమని నవంబరు 28న తీర్పు చెప్పింది. అయినా ఆ తరువాత ఏ జట్టూ అతనిని తీసుకోలేదు. లీగు కోరిక మేరకు దర్యాప్తు చేసిన ఎఫ్.బి.ఐ. మాజీ డైరెక్టరు రాబర్ట్ ముల్లర్ 2015 జనవరిలో నివేదిక ఇచ్చాడు. వీడియో ముందే లీగుకు చేరినట్లు ఆధారం దొరకలేదని, అయినా మరింత లోతుగా విచారించవలసినంత సమాచారం లీగు చేతిలో ఉన్నదని అందులో పేర్కొన్నాడు.

ఈ ఉదంతంలో జూలైకి, సెప్టెంబరుకు మధ్య నేరం మారలేదు. జనం దానిని కంటితో చూచారు, అంతే. శిక్ష తీవ్రత కెమెరా మీద ఆధారపడితే, కెమెరా లేని గదిలో దెబ్బలు తిన్నవారి గతి ఏమిటన్నది ఇక్కడ తలెత్తే అసలు ప్రశ్న.

ఏడ్రియన్ పీటర్సన్ ఉదంతం (2014): మిన్నెసోటా ఆటగాడు పీటర్సన్ తన నాలుగేళ్ళ కుమారుణ్ణి బెత్తంతో గాయపడేలా కొట్టినట్లు కేసు నమోదయింది. సంఘటన మే నెలలో, కొత్త విధానం ఆగస్టులో. అయినా కొత్త విధానం ప్రకారం శిక్ష వేశారని ఆటగాళ్ళ సంఘం వాదించింది. 2015 ఫిబ్రవరిలో జిల్లా న్యాయమూర్తి డేవిడ్ డోటీ ఈ వాదనతో ఏకీభవించాడు. కాని 2016 ఆగస్టులో ఎనిమిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది.

బంతుల గాలి వ్యవహారం (2015): 2015 జనవరి 18న న్యూ ఇంగ్లండ్ జట్టు ఇండియానాపోలిస్‌ను 45-7తో ఓడించిన ఆటలో, న్యూ ఇంగ్లండ్ బంతులలో గాలి పీడనం నియమిత పరిమితికంటె తక్కువగా ఉన్నట్లు తేలింది. ఆ పరిమితి చదరపు అంగుళానికి 12.5 నుండి 13.5 పౌండ్లు. చలిలో పీడనం సహజంగానే తగ్గుతుందని భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలిసిన విషయమే. కనుక ఎంత తగ్గుదల సహజం, ఎంత మానవకృతం అనే దానిపై పెద్ద చర్చ జరిగింది. లీగు నియమించిన న్యాయవాది టెడ్ వెల్స్, ఇద్దరు జట్టు సిబ్బంది కావాలనే గాలి తీసి ఉండవచ్చునని, బ్రేడీకి ఆ సంగతి స్థూలంగా తెలిసి ఉండే అవకాశమే ఎక్కువని నివేదించాడు. బ్రేడీకి 4 ఆటల నిషేధం, జట్టుకు 10 లక్షల డాలర్ల జరిమానా పడ్డాయి. కొత్త ఆటగాళ్ళ ఎంపికలో జట్టు రెండు అవకాశాలను కోల్పోయింది. బ్రేడీ తన సెల్‌ఫోన్‌ను ధ్వంసం చేయించడాన్ని గుడెల్ అప్పీలు తీర్పులో తీవ్రంగా పరిగణించాడు.

న్యాయస్థానాల వైఖరి

బ్రేడీ శిక్షను 2015 సెప్టెంబరు 3న జిల్లా న్యాయమూర్తి రిచర్డ్ బెర్మన్ రద్దుచేశాడు. ఇటువంటి తప్పునకు ఇటువంటి శిక్ష ఉంటుందని ఆటగానికి ముందుగా తెలియజేయలేదని, ఒక ముఖ్య సాక్షిని ప్రశ్నించే అవకాశం ఇవ్వలేదని, దర్యాప్తు పత్రాలు సమానంగా అందలేదని ఆయన కారణాలు చూపాడు. 2016 ఏప్రిల్ 25న రెండవ సర్క్యూట్ కోర్టు 2-1 తేడాతో ఆ తీర్పును తిరగరాసి శిక్షను పునరుద్ధరించింది. విభేదించిన ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్ కాట్జ్‌మన్, చేతులకు జిగురు పూసుకొన్న ఆటగానికి విధించే జరిమానాతో ఈ తప్పును పోల్చవలసి ఉండగా, కమిషనర్ ఆ పని సరిగా చేయలేదని అభిప్రాయపడ్డాడు. బ్రేడీ 2016 సీజను మొదటి నాలుగు ఆటలకు దూరమయ్యాడు. ఆ సీజను చివర అతని జట్టే సూపర్ బౌల్ గెలుచుకొంది.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన అంశం ఒకటున్నది. అప్పీలు కోర్టులు కమిషనర్ శిక్ష న్యాయమైనదని చెప్పలేదు. ఆటగాళ్ళ సంఘమే సామూహిక ఒప్పందంలో సంతకం చేసి కమిషనర్‌కు ఈ అధికారం ఇచ్చింది కనుక, మధ్యవర్తి నిర్ణయంలో తాము జోక్యం చేసుకోజాలమని మాత్రమే చెప్పాయి. అమెరికా కార్మిక చట్టంలో ఇది స్థిరపడిన సూత్రం. తన వ్యాజ్యంలో తానే తీర్పరి కాకూడదనే సహజ న్యాయసూత్రాన్ని ఇక్కడ ఒప్పందం పక్కకు నెట్టింది. వేతనాలు, ఆదాయంలో వాటా వంటి అంశాల కోసం బేరమాడేటప్పుడు కొద్దిమందికి మాత్రమే అవసరపడే క్రమశిక్షణ నిబంధనను సంఘం వెనుకకు నెట్టవలసి వచ్చింది. వాటి ఫలితం తరువాత అనుభవానికి వచ్చింది.

2020 ఒప్పందం, వాట్సన్ కేసు

2020 మార్చిలో ఆటగాళ్ళు కొత్త సామూహిక ఒప్పందాన్ని 1,019-959 ఓట్ల స్వల్ప ఆధిక్యంతో ఆమోదించారు. ఇది 2030 సీజను వరకు అమలులో ఉంటుంది. దీనివలన రెండు ముఖ్యమైన మార్పులు వచ్చాయి. గంజాయి పరీక్షలో దొరికినంత మాత్రాన నిషేధం విధించే పద్ధతి తొలగిపోయింది. వ్యక్తిగత ప్రవర్తన కేసులలో మొదటి విచారణను లీగు, సంఘం కలిసి నియమించే స్వతంత్ర అధికారికి అప్పగించారు. ఆ అధికారి తప్పు జరగలేదని తేల్చితే విషయం అక్కడితో సమాప్తం. తప్పు జరిగిందని తేల్చితే మాత్రం అప్పీలు తిరిగి కమిషనర్ వద్దకు గాని, ఆయన నియమించిన వ్యక్తి వద్దకు గాని వెళుతుంది.

ఈ పద్ధతికి మొదటి పరీక్ష 2022లో డెషాన్ వాట్సన్ కేసు. ఇరవై మందికి పైగా స్త్రీలు, మసాజ్ సమయంలో అతడు లైంగికంగా అనుచితంగా ప్రవర్తించాడని సివిల్ దావాలు వేశారు. టెక్సాస్‌లో రెండు గ్రాండ్ జ్యూరీలు నేరాభియోగం మోపడానికి నిరాకరించాయి. వాట్సన్ ఆరోపణలను ఖండించాడు. విశ్రాంత ఫెడరల్ న్యాయమూర్తి స్యూ రాబిన్సన్ ఈ కేసు విచారించి, అతడు లీగు విధానాన్ని ఉల్లంఘించాడని నిర్ధారించి, ఆగస్టు 1న 6 ఆటల నిషేధం విధించింది. లీగు కనీసం ఒక ఏడాది కోరింది.

ఆమె తీర్పు ఈ వ్యాసపు విషయానికి అతి ముఖ్యమైనది. ఈ తరహా తప్పులలో ఇంతటి తీవ్రమైనది లీగు ముందుకు ఇంతకు మునుపు రాలేదని ఆమె అంగీకరించింది. అయినా గతంలో ఇటువంటి తప్పులకు విధించిన శిక్షలు స్వల్పమైనవి గనుక, ముందుగా హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా శిక్షను పెంచడం న్యాయం కాదని భావించింది. యజమానుల విషయంలో లీగు చూపిన ఉదారత గురించి ఆటగాళ్ళ సంఘం లేవనెత్తిన వాదనను కూడ ఆమె ప్రస్తావించింది. లీగు అప్పీలు చేసింది. చివరకు ఆగస్టు 18న 11 ఆటల నిషేధం, 50 లక్షల డాలర్ల జరిమానాకు ఇరుపక్షాలు రాజీపడ్డాయి. వాట్సన్‌కు క్లీవ్‌లండ్ జట్టు 23 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చినప్పుడు, మొదటి ఏటి మూలవేతనాన్ని సుమారు 10 లక్షల డాలర్లకే పరిమితం చేసింది. దానితో నిషేధం వలన కలిగే జీతం నష్టం చాలా తగ్గిపోయింది.

పూర్వపు శిక్షలతో పొంతన ఉండాలనే సూత్రం ఆటగాళ్ళకు రక్షణ. కాని పూర్వపు శిక్షలే అన్యాయంగా తక్కువైతే అదే సూత్రం బాధితులకు శాపమవుతుంది. వంకర గీతకు సమాంతరంగా గీచిన గీత కూడ వంకరగానే ఉంటుంది.

యజమానులు, ఆటగాళ్ళు

లీగు విధానం ప్రకారం యజమానులను, ఉన్నతాధికారులను ఆటగాళ్ళకంటె ఉన్నత ప్రమాణంతో కొలవాలి. ఆచరణ ఎలా ఉన్నదో కింది ఉదాహరణలు చూపుతాయి.

2014: ఇండియానాపోలిస్ యజమాని జిమ్ ఇర్సే మత్తులో వాహనం నడిపిన నేరాన్ని అంగీకరించగా, 6 ఆటల నిషేధం, 5 లక్షల డాలర్ల జరిమానా విధించారు.

2018: కరోలినా యజమాని జెర్రీ రిచర్డ్‌సన్‌పై కార్యాలయంలో అనుచిత ప్రవర్తన ఆరోపణలపై 27.5 లక్షల డాలర్ల జరిమానా విధించారు. అప్పటికి ఆయన జట్టును అమ్మివేస్తున్నాడు.

2021: వాషింగ్టన్ జట్టు కార్యాలయ వాతావరణంపై విచారణ తరువాత కోటి డాలర్ల జరిమానా విధించారు. విచారణ నివేదికను లిఖితపూర్వకంగా ప్రచురించలేదు.

2023: వాషింగ్టన్ యజమాని డాన్ స్నైడర్‌పై రెండవ విచారణ తరువాత 6 కోట్ల డాలర్ల జరిమానా విధించారు. జట్టు 600 కోట్ల డాలర్లకు పైగా ధరకు అమ్ముడుపోయిన సమయంలోనే ఇది జరిగింది.

ఈ మొత్తాలు చూడడానికి పెద్దవే. కాని సీజను జీతం కోల్పోయిన ఆటగానితో పోల్చితే, యజమాని సంపదలో అవి ఎంత భాగమో పాఠకులు ఊహించవచ్చు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్న మన సామెత ఇక్కడ గుర్తుకు వస్తుంది. కమిషనర్‌ను నియమించేవారినే కమిషనర్ శిక్షించవలసి రావడం ఈ వ్యవస్థలోని ప్రధాన బలహీనత.

పందేల విధానం

2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తరువాత అనేక రాష్ట్రాలలో క్రీడా పందేలు చట్టబద్ధమయ్యాయి. 2021లో లీగు స్వయంగా మూడు పందేల సంస్థలతో వాణిజ్య ఒప్పందాలు కుదుర్చుకొంది. ఆటగాళ్ళకు మాత్రం తమ లీగు ఆటలపై పందెం పూర్తిగా నిషిద్ధం. అట్లాంటా ఆటగాడు కాల్విన్ రిడ్లీ 2021 నవంబరులో జట్టుకు దూరంగా ఉన్న సమయంలో పందేలు కాసినందుకు, 2022 సీజను మొత్తం నిషేధానికి గురయ్యాడు. తాను కాసినది 1,500 డాలర్లని అతడు చెప్పాడు. పోగొట్టుకొన్న జీతం కోటి డాలర్లకు పైమాటే.

2023లో మరికొందరు ఆటగాళ్ళు పట్టుబడ్డారు. ఇతర క్రీడలపై, జట్టు ఆవరణలోనుండి పందెం కాసినందుకు డెట్రాయిట్ ఆటగాడు జేమ్‌సన్ విలియమ్స్‌కు 6 ఆటల నిషేధం పడింది. అదే ఏడు సెప్టెంబరులో లీగు, సంఘం కలిసి శిక్షల పట్టికను సవరించాయి. ఇతర క్రీడలపై ఆవరణలో పందెం కాస్తే మొదటిసారి 2 ఆటలు, ఎన్.ఎఫ్.ఎల్. ఆటపై కాస్తే కనీసం ఒక ఏడాది, తన జట్టు ఆటపైనే కాస్తే కనీసం రెండేళ్ళు, ఆట ఫలితాన్ని తారుమారు చేస్తే శాశ్వత నిషేధం అని నిర్ణయించారు. విలియమ్స్ నాలుగు ఆటల తరువాత తిరిగివచ్చాడు. పందేల సొమ్ము అందుకొనే సంస్థే పందెం తప్పని చెప్పడంలో వైరుధ్యం ఉన్నా, ఏ తప్పునకు ఏ శిక్షో ముందుగా అందరికీ తెలిసేలా వ్రాసిపెట్టడం మెరుగైన పద్ధతి. ఈ పట్టిక వచ్చిన తరువాత ఏ శిక్ష పడుతుందోనని ఊహించుకోవలసిన అవసరం తగ్గింది.

పరిశీలన

కమిషనర్ విస్తృతాధికారాన్ని సమర్థించేవారి వాదన తేలికగా కొట్టివేయదగినది కాదు. న్యాయస్థానంలో నేరం రుజువు కావడానికి ఏళ్ళు పడుతుంది. ధనవంతులైన ఆటగాళ్ళు రాజీలతో కేసులు ముగించుకోగలరు. బాధితులు సాక్ష్యమివ్వడానికి భయపడతారు. అటువంటప్పుడు కోర్టు తీర్పు కోసం వేచి ఉంటే లీగు ఏనాడూ చర్య తీసుకోలేదు. ప్రతి సంఘటన వేరు కనుక గట్టి పట్టిక అన్నింటికీ సరిపోదనేది కూడ నిజమే.

ఐతే పై ఉదంతాలను ఒక వరుసలో ఉంచి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. శిక్షను ముందుగా ప్రకటించిన చోట, అప్పీలును ఉమ్మడిగా ఎంచుకొన్న వ్యక్తి విన్న చోట, శిక్ష కఠినమైనా గొడవ తక్కువ. శిక్ష సంఘటన తరువాత నిర్ణయమైన చోట, అభియోగం మోపినవారే అప్పీలు విన్న చోట, శిక్ష తేలికైనా కఠినమైనా గొడవ ఎక్కువ. గుడెల్ 2014లో ప్రకటించిన 6 ఆటల ప్రమాణం కూడ నిలకడగా అమలు కాలేదు. 2016లో న్యూయార్క్ జెయింట్స్ కిక్కర్ జాష్ బ్రౌన్‌కు గృహహింస ఆరోపణలో మొదట ఒక్క ఆట నిషేధమే విధించారు. మరిన్ని పత్రాలు బయటకు వచ్చిన తరువాతనే విషయం తిరిగి లేచింది. మరుసటి ఏడాది డాలస్ ఆటగాడు ఎజెకీల్ ఇలియట్‌పై నేరాభియోగం నమోదు కాకపోయినా 6 ఆటల శిక్ష పడింది. ఈ రెండింటిలో ఏది సరియైనదైనా, రెండూ ఒకే విధానం కింద వెలువడినవని పాఠకునికి నచ్చజెప్పడం కష్టం.

నిలకడ లేకపోవడం వలన ఎక్కువగా నష్టపోయేవారు ఇరువైపులా ఉన్నారు. ఆటగానికి తన తప్పునకు శిక్ష ఏమిటో ముందుగా తెలియదు. బాధితురాలికి తన ఫిర్యాదుకు సంస్థ ఏ విలువ ఇస్తుందో తెలియదు. ఈ ఇద్దరికీ ఉపయోగపడే మార్గం ఒకటే. తప్పుల తీవ్రతను ముందుగా నిర్ణయించి ప్రకటించడం, దర్యాప్తు చేసేవారు, తీర్పు చెప్పేవారు, అప్పీలు వినేవారు వేర్వేరుగా ఉండడం.

ప్రస్తుత స్థితి

2020 ఒప్పందం ఈ మార్గంలో సగం దూరం నడిచింది. మొదటి విచారణ స్వతంత్రమైనది. చివరి మాట మాత్రం నేటికీ కమిషనర్ కార్యాలయానిదే. ఐతే ఈ ఏర్పాటుపై కోర్టుల దృష్టి కొంత మారుతున్న సూచనలు ఉన్నాయి. మయామీ జట్టు మాజీ శిక్షకుడు బ్రయన్ ఫ్లోరెస్, నియామకాలలో జాతివివక్ష చూపారంటూ 2022లో లీగుపై, కొన్ని జట్లపై దావా వేశాడు. లీగు దానిని కమిషనర్ మధ్యవర్తిత్వానికి పంపాలని కోరింది. 2025 ఆగస్టులో రెండవ సర్క్యూట్ కోర్టు ఆ కోరికను నిరాకరించింది. ప్రతివాది పక్షపు ప్రధానాధికారే మధ్యవర్తిగా కూర్చొనే ఏర్పాటును నిజమైన మధ్యవర్తిత్వంగా భావించలేమన్నది ఆ నిర్ణయపు సారాంశం. శిక్షకులకు ఆటగాళ్ళవలె సంఘం గాని, సామూహిక ఒప్పందం గాని లేవు కనుక ఈ తీర్పు ఆటగాళ్ళకు నేరుగా వర్తించదు. ఆటగాళ్ళ విషయంలో అప్పీలు అధికారం మారాలంటే 2030 సీజనుతో ముగిసే ఒప్పందం స్థానంలో వచ్చే తదుపరి ఒప్పందంలో సంఘం ఆ నిబంధనను బేరంలో సాధించుకోవలసి ఉంటుంది.